రైడింగ్ మూవర్‌తో గడ్డీ ఆకులూ ఎత్తడం: సంచి ఎందుకు నిండట్లేదు, ఎలా నింపాలి

రైడింగ్ మూవర్ అంటే మీద కూర్చుని నడుపుతూ గడ్డి కోసే బండి. దాని గురించి ఏటా రెండుసార్లు నన్ను ఇదే అడుగుతారు. వేప, కానుగ ఆకు రాలే ఫిబ్రవరిలో ఒకసారి. నాలుగు వానలు పడి గడ్డి ఎగబాకే జూలైలో ఇంకోసారి. "బండి కొన్నాం, వెనక సంచుల సెట్టు కూడా కొన్నాం. అయినా సగం గడ్డి లాన్ మీదే ఉండిపోతోంది, ఏం చేయాలి?" అడిగేవాళ్ళు చాలావరకు మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్‌లు ఉన్నవాళ్ళు, కొల్లూరు, తెల్లాపూర్ గేటెడ్ కమ్యూనిటీల్లో తోట బాధ్యత నెత్తిన వేసుకున్నవాళ్ళు. నేను ఎనిమిదేళ్ళుగా చేవెళ్ల దారిలో ఎకరంన్నర లాన్ చూసుకుంటున్నాను. 42 అంగుళాల డెక్ (బండి కింద బ్లేడు తిరిగే ఇనుప గూడు) ఉన్న బండి, వెనకాల రెండు సంచులు. చేతికి దెబ్బ తగలకుండా, బండి పాడవకుండా, లాన్ తెల్లబడకుండా పని ఎలా చేసుకోవాలో కింద రాస్తున్నాను.

ఒక్క సంగతి తెలిస్తే మిగతాదంతా సులువు. ఈ బండి ఊడ్చదు. బ్లేడు తిరిగే ఊపుకి పుట్టే గాలే గడ్డిని పైకి లేపి, డెక్ పక్కనున్న గొట్టంలోంచి వెనక సంచిలోకి తోస్తుంది. వచ్చిన గాలి బయటికి పోవడానికి సంచుల మూతలో జాలీ ఉంటుంది. గాలి దారిలో ఎక్కడ అడ్డు పడితే గడ్డి అక్కడ ఆగిపోతుంది. తడి, మొద్దు బ్లేడు, తగ్గించిన ఇంజిన్ వేగం, దుమ్ము పట్టిన జాలీ, నిండిపోయిన సంచి, ఇవన్నీ గాలిని చంపేవే.

రెండోది మన ఊరి సంగతి. హైదరాబాద్‌లో ఆకూ గడ్డీ ఒకే కాలంలో రావు. బాదం, టేకు జనవరి నుంచే మొదలుపెడతాయి. వేప, కానుగ, నిద్రగన్నేరు ఫిబ్రవరి, మార్చిల్లో కుమ్మరిస్తాయి. అప్పుడు గడ్డి పెద్దగా పెరగదు. గడ్డి పోటెత్తేది జూలై నుంచి సెప్టెంబర్ దాకా. కాబట్టి ఇవి రెండు వేర్వేరు పనులు. ఒకే ఎత్తు, ఒకే వేగం పెట్టి రెండింటినీ చేయబోతే రెండూ చెడతాయి.

అసలు ఎత్తాలా?

ప్రతిసారీ అక్కర్లేదు. వారం వారం కోస్తూ, గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయకపోతే ఆ ముక్కలు కొన్నాళ్ళకి వేళ్ళలోకి దిగిపోయి ఎరువవుతాయి. దాన్ని పనిగట్టుకుని ఎత్తి, మళ్ళీ యూరియా కొనుక్కొచ్చి చల్లడం ఎందుకు? ఈ సందర్భాల్లో మాత్రం ఎత్తండి:

- రెండు మూడు వారాలు కోయకపోవడం వల్ల గడ్డి బాగా పెరిగినప్పుడు. కోసిన గడ్డి కుప్పల్లా పడి కింద ఉన్నదాన్ని పచ్చగా ఉండనివ్వదు.
- గడ్డి వెన్ను వేసినప్పుడు, కలుపు గింజ కట్టినప్పుడు.
- లాన్ మీద మచ్చలు మచ్చలుగా బూజు తెగులు కనిపించినప్పుడు.
- బతుకమ్మ, పెళ్ళి, పుట్టినరోజు ఉంటే ముందు రోజు. ఆడవాళ్ళు చెప్పులు విడిచి బతుకమ్మ చుట్టూ ఆడతారు, పిల్లలు కింద కూర్చుంటారు. కోసిన గడ్డి కాళ్ళకీ పట్టుచీరలకీ అంటుకుంటుంది.
- ఆకు రాలి లాన్‌లో సగానికి పైగా కప్పేసినప్పుడు.

ఏమేం కావాలి

- రైడింగ్ మూవర్, దానికి సరిపోయే సంచుల సెట్టు, డెక్‌ని సంచితో కలిపే గొట్టం. వేరే మోడల్ గొట్టాన్ని తాడుతో కట్టి సర్దుకోవద్దు, అతుకు దగ్గరే గాలి కారిపోతుంది.
- అంచు వెనక ఎత్తుగా రెక్క లేచి ఉండే బ్లేడు. దుకాణంలో "హై లిఫ్ట్ బ్లేడ్" అని అడగండి. గడ్డిని అక్కడికక్కడే నలిపే మల్చింగ్ బ్లేడు సంచి నింపడానికి పనికిరాదు. రాణిగంజ్ మెషినరీ దుకాణాలకు వెళ్తే పాత బ్లేడు చేత్తో పట్టుకెళ్ళండి. పొడవూ మధ్య రంధ్రం ఆకారమూ కుదరకపోతే మళ్ళీ తిరగాల్సి వస్తుంది.
- బండి ముందు భాగానికి తగిలించే బరువులు, మీ మోడల్‌కి కావాలని బండితో వచ్చిన పుస్తకంలో ఉంటే. సంచులు నిండితే బరువంతా వెనక్కి పోయి ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ పట్టు ఇవ్వదు.
- పెద్ద టార్పాలిన్ పట్టా ఒకటి. సంచులు దాని మీద దులిపితే ఇద్దరు చెరో వైపు పట్టుకుని లాక్కుపోవచ్చు.
- రెండడుగుల కర్ర, చెక్క గరిటె లాంటి గీకుడు ముక్క, మెత్తని బ్రష్షు.
- బూట్లు, కళ్ళద్దాలు, చెవులకు మూతలు, మాస్కు. మార్చి నెలలో ఎండాకు మీద బండి నడిపితే లేచే దుమ్ము మామూలుగా ఉండదు. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ రోజు వేరేవాళ్ళ చేత చేయించండి.

పని వరస

1. ముందు రోజు నీళ్ళు ఆపండి. స్ప్రింక్లర్ ఉంటే ఆ రాత్రి కట్టేయాలి. వానాకాలంలో కనీసం ఒక పూట ఎండ తగలనివ్వండి. ఉదయం పది దాటాక, మంచు ఆరాక మొదలుపెట్టండి. ఎలా తెలుస్తుందంటే, గడ్డిలోకి అరచేయి పెట్టి నేల దాకా నొక్కి తీయండి. చేయి పొడిగా వస్తే బండి తీయొచ్చు. ముక్కలు అంటుకుని వస్తే ఇంకో గంట ఆగాలి. పైన ఆరినట్టు కనిపించినా అడుగున తడి ఉంటుంది, చూపుని నమ్మకండి.

2. లాన్ అంతా ఒకసారి కర్రతో నడవండి. ఇది మానేయకండి. మన నేలలో వాన పడ్డ ప్రతిసారీ రాళ్ళు పైకి తేలతాయి. గ్రానైట్ ముక్క బ్లేడుకి తగిలితే తూటాలాగే బయటికి వస్తుంది. తురాయి కాయలు అడుగు దాటి పొడుగుంటాయి, చెక్కలా గట్టిగా ఉంటాయి. వాటినీ కొబ్బరి మట్టలనీ చేత్తోనే ఏరాలి. ఫంక్షన్ అయిన లాన్ అయితే షామియానా మేకులు, సీరియల్ లైట్ల తీగ ముక్కలు, ప్లాస్టిక్ ట్యాగులు వెతకండి. స్ప్రింక్లర్ మూతుల దగ్గర చిన్న జెండా గుచ్చండి.

సంక్రాంతి తర్వాత ప్రత్యేకంగా మాంజా కోసం చూడాలి. ఒక జనవరిలో మా బండి డెక్ కింద సన్నగా కూత మొదలైంది. బెల్టు అనుకుని రెండు వారాలు అలాగే నడిపాను. బ్లేడు విప్పి చూస్తే ఇరుసు చుట్టూ గులాబీ రంగు దారం బొంగరానికి చుట్టినట్టు బిగుసుకుపోయి ఉంది. ఆ రాపిడి వేడికి దారం కరిగి సీలు లోపలికి దిగింది, గ్రీజు కారిపోయింది, బేరింగు పోయింది. దారాన్ని చిన్న బ్లేడుతో కోసి, పోగు పోగుగా పీకడానికి పూట పట్టింది. చెట్ల మీద తెగిన గాలిపటాలు వేలాడుతుంటే వాటి దారం కిందికి, ఆకుల మధ్యకి దిగి ఉంటుంది. కర్రతో ఆకుని కెలికితే తగులుకుంటుంది. గ్లవ్స్ లేకుండా లాగకండి, చేయి కోసుకుపోతుంది.

ఫామ్‌హౌస్ వాళ్ళకు ఇంకో మాట. వారాల తరబడి కదలని ఆకు కుప్పలో పాము ఉండొచ్చు. రక్తపింజర ఎండాకు రంగులో కలిసిపోతుంది, మనిషి దగ్గరికి వచ్చినా కదలదు. కర్రతో నేల తట్టుకుంటూ వెళ్ళండి, కుప్పలోకి చేయి పెట్టకండి. కనిపిస్తే చంపబోకుండా, దూరం నుంచి కనిపెట్టి ఉండి, హైదరాబాద్‌లోని ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళని పిలవండి. కరిస్తే కట్లు కట్టడాలు, కోయడాలు వద్దు. 108కి ఫోన్ చేసి, విషానికి మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళాలి.

3. బండి చల్లగా ఉన్నప్పుడే అన్నీ చూసుకోండి. పెట్రోల్ లాన్ మీద కాకుండా గచ్చు మీద పోయండి, ఒలికితే అక్కడ గడ్డి చచ్చిపోతుంది. నాలుగు టైర్లలో గాలి పుస్తకంలో చెప్పినంత ఉండాలి. ఒక పక్క టైరు మెత్తబడితే డెక్ ఒరిగి, ఒక పక్క గీక్కుంటూ పోతుంది. డెక్ ముందు అంచు వెనక అంచు కన్నా మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. సంచుల జాలీని వెలుతురుకి ఎత్తి పట్టి చూడండి. అవతల వెలుతురు కనబడకపోతే బ్రష్షుతో దులపండి. వేప ఆకు పొడి ఈ జాలీకి పిండిలా అంటుకుంటుంది. సంచి నిండట్లేదని నాకు ఫోన్ చేసేవాళ్ళలో చాలామందికి మందు ఇదే.

సైలెన్సర్ చుట్టూ ఇరుక్కున్న ఎండు గడ్డి తీసేయండి. వేసవిలో అది అంటుకుంటుంది.

4. ఎత్తు పెట్టుకోండి. గరిక లాన్‌కి అంగుళంన్నర నుంచి రెండు, వెడల్పాటి ఆకు ఉన్న బఫెలో గడ్డికి రెండున్నర నుంచి మూడు. గడ్డి ఆరంగుళాలు పెరిగిపోయి ఉంటే ఒకేసారి కిందికి దించకండి. మొదట నాలుగుకి కోయండి, మూడు రోజులాగి రెండున్నర, మూడుకి. ఒకేసారి నేలబారుగా కోస్తే గొట్టం పట్టనంత గడ్డి వచ్చి పూడుకుపోతుంది. పైగా పచ్చ భాగమంతా పోయి అడుగున ఉన్న పాలిపోయిన కాడలు మిగులుతాయి. ఎండకి అవి మాడిపోతాయి.

5. ఇంజిన్ పూర్తి వేగంలో, బండి మెల్లగా. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు. పెట్రోల్ మిగులుతుందని ఇంజిన్ వేగం తగ్గించి, పని త్వరగా అవుతుందని బండిని పరుగెత్తిస్తారు. ఇంజిన్ తగ్గితే బ్లేడు గాలి తగ్గుతుంది, గడ్డి గొట్టం మధ్యలోనే కూర్చుంటుంది. ఇంజిన్ వేగం లివర్‌ని కుందేలు బొమ్మ (పూర్తి వేగానికి గుర్తు) దాకా తోసి ఉంచండి. నడక మాత్రం మనిషి నడిచేంత, లేదా ఇంకా మెల్లగా. ఒత్తుగా ఉన్నచోట సగం వెడల్పే కోయండి.

6. బయటి నుంచి లోపలికి, వరస మీద వరస నాలుగంగుళాలు ఎక్కించుకుంటూ. గొట్టం ఉన్న వైపు పూలమడి, గోడ, చెట్టు మొదలు రాకుండా తిరగండి. తగిలితే గొట్టం అతుకు ఊడుతుంది. చెట్టు చుట్టూ అడుగున్నర జాగా వదిలేసి చేత్తో కోయించండి. బండి బెరడుకి తగిలిన చోట నుంచే చెదలు ఎక్కుతాయి.

ఏటవాలు ఉంటే అడ్డంగా పోవద్దు, నిలువుగా ఎక్కి దిగండి, సంచులు సగం కన్నా ఎక్కువ నింపకండి. నాలుగడుగుల దూరానికి అడుగు ఎత్తు లేస్తోందంటే అక్కడ ఈ బండి వద్దు, చేతి మూవర్‌తో కోయించండి. చెరువు గట్టు, స్విమ్మింగ్ పూల్ అంచు కూడా అంతే.

7. సంచి నిండటాన్ని చెవితో కనిపెట్టండి. ఖాళీ సంచిలోకి గడ్డి పోతుంటే జల్లెడలో బియ్యం ఊపినట్టు చప్పుడు వస్తుంది. నిండే కొద్దీ ఆ చప్పుడు మందగించి, చివరికి ఇంజిన్ మోత ఒక్కటే మిగులుతుంది. అప్పుడే ఆపాలి. ఇంకో వరస పోదాం అనుకుంటే గొట్టం పూడుకుంటుంది. వెనక్కి చూస్తే చారలా గడ్డి పడుతోందా? ఆ చార మొదలైన చోటే మీ సంచి నిండింది. మరుసటిసారి దానికి నాలుగు గజాల ముందే ఆపండి.

రెండు సంచులూ ఒక్కలా నిండవు. గొట్టానికి దగ్గరగా ఉన్నదానికీ, దూరంగా ఉన్నదానికీ తేడా ఉంటుంది. అది లోపం కాదు.

8. దులపడం. బ్లేడు ఆపండి, బ్రేకు వేయండి, ఇంజిన్ ఆపండి, తాళం తీసి జేబులో పెట్టుకోండి. తర్వాతే దిగండి. మా బండికి రెండు సంచులూ కలిపి సుమారు 230 లీటర్లు పడతాయి. తడి గడ్డి అయితే ఒక్కో సంచి పాతిక కిలోలు తూగుతుంది. నడుము వంచి లాగకుండా ఇద్దరు పట్టండి, లేదా మూడు వంతులు నిండగానే దింపండి. కుప్ప వేసే చోటు లాన్‌కి మధ్యగా ఎంచుకోండి, లేకపోతే సగం పెట్రోల్ తిరగడానికే పోతుంది. ఎకరం లాన్‌కి కోత ఒక గంట అయితే, దులపడానికి ఇంకో గంట పడుతుందని లెక్క వేసుకుని మొదలుపెట్టండి.

9. గొట్టం పూడుకుంటే. ఇక్కడ ఒక్క నిమిషం నిలబడి చదవండి. చేతులు పోయేది ఈ పనిలోనే. బ్లేడు లివర్ దించాక కూడా బ్లేడు కొన్ని సెకన్లు తిరుగుతుంది, పాత బండిలో ఇంకాసేపు. మోత ఆగిందంటే బ్లేడు ఆగిందని కాదు. ఇంజిన్ ఆపి, తాళం తీసి, స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీసి పక్కకి పెట్టి, అప్పుడు గొట్టం విప్పండి. చేత్తో కాదు, కర్రతో పొడవండి. ఇరుక్కున్న ముద్ద వదలగానే బిగిసి ఉన్న బ్లేడు ఒక్క ఉదుటున కదలొచ్చు. మా దగ్గర పనిచేసే మాలి ఒకసారి తొందరపడి, తిరుగుతున్న బ్లేడులో కర్ర పెట్టాడు. కర్ర రెండు ముక్కలై ఒకటి అతని చెవి పక్కనుంచి పోయి గోడకి తగిలింది. వేలు పెట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఆ రోజు నుంచి మా బండి తాళానికి పొడవైన ఎర్ర గుడ్డ కట్టాను. ఆ గుడ్డ చేతిలో లేకుండా ఎవరూ గొట్టం ముట్టుకోరు.

సీటు కింద ఒక స్విచ్చి ఉంటుంది, మీరు లేవగానే బ్లేడు ఆపేది అదే. గతుకుల్లో బండి ఆగిపోతోందని కొందరు మెకానిక్‌లు ఆ తీగలు కలిపేస్తారు. కలపనివ్వకండి. సెకండ్‌హ్యాండ్ బండి కొంటే ముందు ఇదే పరీక్షించండి. బ్లేడు తిరుగుతుండగా, కాళ్ళు బండి మీదే ఉంచి సీట్లోంచి కాస్త పైకి లేస్తే బ్లేడు ఆగాలి.

పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తిప్పకండి. బండి తిరిగే లాన్‌లో పిల్లలూ కుక్కలూ ఉండకూడదు. "ఒక్క రౌండ్ తాతా" అని బతిమాలినా సరే.

10. పని అయ్యాక. సంచులు బోర్లించి ఎండలో వేలాడదీయండి. తడి గడ్డి ఒక్క రాత్రి సంచిలో ఉంటే పొద్దున్నకి వేడెక్కి పుల్లకంపు కొడుతుంది, గుడ్డ కుళ్ళుతుంది. డెక్ కింద అంటుకున్న పచ్చ పొరని గీకుడు ముక్కతో తీయండి. దాన్ని వదిలేస్తే గట్టిపడి గాలికి అడ్డం పడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. కిందికి దూరాల్సి వస్తే ర్యాంప్ ఎక్కించండి, జాకీ ఒక్కదాన్నే నమ్మకండి. డెక్‌కి నీళ్ళ పైపు తగిలించే మూతి ఉంటే ఐదు నిమిషాలు కడిగి, తర్వాత రెండు నిమిషాలు బ్లేడు ఖాళీగా తిప్పి ఆరబెట్టండి.

ఆకు కాలంలో మారేవి

పైన చెప్పిన వరసే, కానీ మూడు మార్పులు.

ఒకటి, ఎత్తు పెంచండి. గడ్డి కోయట్లేదు కాబట్టి మూడంగుళాల పైన పెట్టి ఆకుని మాత్రమే లాగండి. కిందికి పెడితే ఫిబ్రవరిలో అరకొరగా బతుకుతున్న గడ్డిని గీకి మట్టి తేలుస్తారు.

రెండు, పెద్దాకుకి రెండు విడతలు. వేప, నిద్రగన్నేరు చిన్నాకులు, నేరుగా సంచిలోకి పోతాయి. బాదం, టేకు, మర్రి, పనస అలా పోవు. టేకాకు ఒక్కటే గొట్టం మూతిని పళ్ళెంలా మూసేస్తుంది. మొదటి విడత సంచి తగిలించకుండా, గొట్టం తీసేసి, పక్కకి చల్లే రెక్క దించి తిప్పండి. ఆకు నలుగుతుంది. రెండో విడత సంచి పెట్టి ఎత్తండి. రెట్టింపు తిరుగుడు కదా అనిపిస్తుంది కానీ, నలిగిన ఆకు సంచిలో ఎంతో తక్కువ చోటు పడుతుంది, దులపడానికి పోయే టైము మిగులుతుంది. ఆ చల్లే రెక్క లేకుండా మాత్రం బండి తిప్పకండి, బ్లేడు విసిరేదంతా మనుషుల మీదికి వస్తుంది.

మూడు, వేళ మార్చండి. గడ్డికి పది దాటాలి అన్నాను. ఎండాకుకి మాత్రం పొద్దున్నే నయం. కాస్త మంచు మిగిలి ఉంటే దుమ్ము తక్కువ లేస్తుంది. మంచు అంటే మంచే, నీళ్ళు చల్లి తడపకండి.

పైపుల మీదా, రాతి బాట మీదా పడ్డ ఆకుని బండితో ఎత్తబోకండి. చీపురుతో లాన్ మీదికి ఊడ్చి, అక్కడ ఎత్తండి. ఆకు మరీ మోకాలి లోతు పడితే మొదట ఆకు లాగే పళ్ళ దంతెతో పరిచి పలుచగా చేయండి. మీ బండికి సంచుల సెట్టు దొరకకపోతే, వెనక తగిలించి లాగే లాన్ స్వీపర్ ఉంటుంది. దాని బ్రష్షులు చక్రాల తిరుగుడుకే తిరుగుతాయి. ఎండాకుకి బాగా పనిచేస్తుంది, తడి గడ్డికి కాదు. పావెకరం లోపు జాగా అయితే ఇవేవీ వద్దు, ఇద్దరు మనుషులు, రెండు దంతెలు, ఒక పట్టా చాలు.

వయ్యారిభామ ఉంటే

ఖాళీ ప్లాట్ల పక్కన లాన్‌లలో వయ్యారిభామ తప్పకుండా దూరుతుంది. తెల్ల పూలు వచ్చాక బండితో కోస్తే పుప్పొడి గాల్లోకి లేచి దద్దుర్లు, దగ్గు వస్తాయి, గింజలు సంచి ద్వారా తోటంతా పరుచుకుంటాయి. పూతకు ముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, గ్లవ్స్ వేసుకుని వేళ్ళతో సహా పీకించండి. పూసిన మొక్కని కంపోస్టులో వేయకండి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూడాలి

పని అయ్యాక లాన్ మధ్యలో గజం పొడవు, గజం వెడల్పు జాగా ఎంచుకోండి. వేళ్ళని దువ్వెనలా చేసి గడ్డిని దువ్వండి. పిడికెడు ముక్కలు కూడా రాకపోతే పని బాగా జరిగినట్టు. రెండు మూడు గుప్పెళ్ళు వస్తే ఎక్కడో గాలి తగ్గింది. ఇలా మూడు చోట్ల చూడండి.

తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని ఒక గడ్డి కొస చూడండి. నున్నగా, కత్తిరించినట్టు తెగి ఉండాలి. పీచు పీచుగా చీలి, రెండో రోజుకి తెల్లబడితే బ్లేడు మొద్దుబారినట్టు. దూరం నుంచి లాన్ బూడిద రంగులో కనిపిస్తే కూడా కారణం చాలావరకు అదే, నీళ్ళు తక్కువై కాదు. పదును పెట్టించాక బ్లేడుని మధ్య రంధ్రంలో మేకుకి తగిలించి చూడండి. ఒక వైపు వాలితే ఆ వైపు ఇంకాస్త అరగదీయాలి. సమంగా నిలవని బ్లేడు బండినంతా వణికిస్తుంది.

ఇక గుర్తుల్ని బట్టి కారణాలు:

- మొదటి నుంచే చార పడుతుంటే గొట్టం అతుకు వదులైంది, లేదా జాలీ మూసుకుంది.
- కాసేపు బాగుండి తర్వాత చార పడితే సంచి నిండింది.
- సంచి మూతి దగ్గర కుప్పయి, వెనక ఖాళీగా ఉంటే గడ్డి తడిగా ఉంది, లేదా ఇంజిన్ వేగం చాలలేదు.
- సంచి మూత అంచుల్లోంచి దుమ్ము చిమ్ముతుంటే రబ్బరు పట్టీ చిరిగింది.
- ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లంగా కోస్తుంటే ముందు టైరు గాలి చూడండి, ఆ తర్వాతే డెక్ జోలికి వెళ్ళండి.

ఎత్తింది ఎక్కడ పెట్టాలి

కాల్చకండి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు తోట చెత్తని మన ఆవరణలోనే విడిగా ఉంచుకోవాలని చెప్పాయి. చెత్తని వీధిలో, నాలాలో పడేయడం, కాల్చడం కూడదన్నాయి. నియమం సంగతి అటుంచండి, ఆకు కాల్చిన పొగ పక్కింటి పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

పశువులకు వేస్తామని చాలామంది అంటారు. బండితో కోసిన గడ్డి వద్దండి. అందులో నూనె చుక్కలు, ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి, కుప్ప వేసిన కాసేపటికే వేడెక్కి పులుస్తుంది. పొట్ట ఉబ్బుతుంది. లాన్‌కి కలుపు మందు కొట్టి ఉంటే అసలే వద్దు. అలాంటి గడ్డిని మొక్కల మొదట్లో కూడా పరచకండి. 2,4-డి లాంటి కలుపు మందు తగిలిన గడ్డి టమాటా, మిరప మొక్కల ఆకుల్ని ముడిచేస్తుంది.

మిగతాదంతా కంపోస్టుకి పోవాలి. ముందు చెప్పిన రెండు కాలాల లెక్క ఇక్కడ పనికొస్తుంది. పచ్చి గడ్డి ఒక్కటే కుప్ప వేస్తే జిగురుగా కుళ్ళి ఈగలు ముసురుతాయి. ఎండాకు ఒక్కటే వేస్తే ఏడాదైనా కదలదు. రెండూ కలవాలి, కానీ రెండూ ఒకసారి దొరకవు. అందుకే మార్చిలో నలిగిన ఆకుని ఖాళీ సిమెంటు సంచుల్లో తొక్కి నింపి, రేకుల షెడ్డులో, ఇటుకల మీద పేర్చి దాచండి. వంటగదికీ, జనరేటర్‌కీ, బీడీ కాల్చేవాళ్ళకీ దూరంగా ఉంచాలి. జూలైలో గడ్డి రాగానే ఒక సంచి గడ్డికి రెండు మూడు సంచుల ఆకు చొప్పున పొరలు వేయండి. గడ్డి పొర జానెడు మించకూడదు. మధ్య మధ్య పేడ నీళ్ళు చల్లండి. కుప్ప మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తుకి తగ్గితే వేడెక్కదు. వానాకాలంలో గుంట తవ్వకండి, నీళ్ళు నిలిచి కంపు కొడుతుంది. నేల మీదే వేసి పైన పట్టా కప్పండి.

నాలుగో రోజు కుప్పలోకి ఇనుప చువ్వ గుచ్చి, పది నిమిషాలాగి తీసి పట్టుకోండి. చేయి పెట్టలేనంత వేడిగా ఉండాలి. ఆ వేడికే గరిక కణుపులు, కలుపు గింజలు చస్తాయి. వేడి లేకపోతే పచ్చి గడ్డి చాలలేదు, లేదా పొడిబారింది. కంపు వస్తే తడి ఎక్కువైంది, దాచిన ఆకు ఇంకో రెండు సంచులు కలిపి తిరగేయండి. వారానికోసారి తిరగేస్తే, అంచున ఉన్నది మధ్యలోకి వచ్చేలా, మూడు నెలల్లో తయారవుతుంది. గుప్పెడు తీసి పిండి చూడండి. ఉండ కట్టి, వేలితో తాకగానే విడిపోవాలి, నీరు కారకూడదు, తొలకరి మట్టి వాసన రావాలి. జూలైలో వేసిన కుప్ప అక్టోబర్‌లో పూలమడులు తవ్వే సమయానికి అందుతుంది. మామిడి మొదట్లో వేస్తే కాండానికి జానెడు దూరం వదలండి, చెదలు నేరుగా బెరడు మీదికి ఎక్కకుండా.